అక్క కళ్లు మూసుకుని ఎక్కిన హెలికాప్టర్

మా బంధువులందరిలో హెలికాప్టర్ ఎక్కిన మనిషి మా అక్క ఒక్కతే. ఎక్కి కూడా దాన్ని చూడని మనిషీ ఆమే.

కొన్నేళ్ల కిందట కార్తీక మాసంలో వానలు తెరిపి లేకుండా కురిసి, చెరువు కట్టలు తెగి, స్వర్ణముఖి పొంగినప్పుడు అక్కావాళ్ల ఊరు నీళ్లలో చిక్కుకుంది. తిరుపతికి దిగువన ఏటి గట్టుకు దగ్గరగా ఉన్న చిన్న ఊరు అది. పెంకుటిళ్లలో ఉన్నవాళ్లందరూ మిద్దెలున్న ఇళ్ల పైకి ఎక్కారు. అక్క పక్కింటి మిద్దె ఎక్కింది, చేతిలో పాలగిన్నెతో సహా. ఆ గడబిడలో గిన్నె ఎందుకు తీసుకున్నావని తర్వాత అడిగితే, అప్పుడే కాగినాయి, పారబోసేదానికి మనసు రాలేదు అని చెప్పింది.

మరునాడు మిలిటరీ హెలికాప్టర్ వచ్చింది. తాడు మీద ఒక సైనికుడు మిద్దె మీదికి దిగి, పెద్దవాళ్లను ముందు పంపమని సైగ చేశాడు. అక్క గాలికి తల వంచుకునే పాలగిన్నెను పిట్టగోడ మీద పెట్టి ముందుకు వచ్చింది. ఆయన ఆమె చంకల కింద వెడల్పాటి పట్టీ బిగించి, చేతులు ఎట్లా పెట్టుకోవాలో చూపించి, చివరగా తన కళ్లకు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెక్కల గాలికి నీటితుంపరలు కొడతాయి, కళ్లు జాగ్రత్త అని ఆయన ఉద్దేశం అయి ఉంటుంది. అక్క దాన్ని కళ్లు తెరవకూడదనే ఆజ్ఞగా తీసుకుంది. చిన్నప్పటి నుంచి మా నాయన మాట గానీ, పెళ్లయ్యాక మా బావ మాట గానీ ఆమె అంత పూర్తిగా విన్నది ఎప్పుడూ లేదు.

కాళ్ల కింద నుంచి మిద్దె పోయినప్పుడు మూసుకున్న కళ్లు, ఒక బడి ఆవరణలో కాళ్లు నేలకు తగిలిన తర్వాత గానీ తెరవలేదు. పైన ఎవరో భుజం తట్టి నీళ్ల సీసా చేతికిస్తే కళ్లు మూసుకునే తాగింది. దించిన తర్వాత ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించి, ఇంక పరవాలేదమ్మా అన్నాక తెరిచి చూస్తే, ఎదురుగా బడి గోడ, గోడ మీద గుణింతాలు. వెనక్కి తిరిగేసరికి హెలికాప్టర్ మబ్బుల్లోకి పోయింది.

ఆ తర్వాత చూడవచ్చినవాళ్లందరూ అడిగేవాళ్లు. పైనుంచి ఊరు ఎట్లా కనిపించింది అంటే, కండ్లు మూసుకున్నా గదప్పా అనేది. ఏ రంగు హెలికాప్టర్ అంటే మళ్లీ అదే జవాబు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పేది. వచ్చింది ఒకటి కాదు, మూడు. ఒకటి తన నెత్తి మీద నిలబడి ఉంటే, తక్కిన రెండూ కొంచెం దూరంలో చుట్టూ తిరుగుతూ ఉన్నాయి. ఆ శబ్దం తన చెవులతో విన్నది.

ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మబ్బు నేలకు దిగినట్టున్న రోజు అది. మిద్దె మీద ఉన్న తక్కినవాళ్లు గాలికి దుప్పట్లు ముసుగేసుకుని, నెత్తి మీద ఉన్నదాన్నే చూశారు. "కండ్లు తెరిచినోళ్లకు ఒకటి కనిపిస్తే, మూసుకున్న అత్తకు మూడు కనిపించినాయంట" అని అక్కకు అల్లుడి వరసయ్యే ఒకాయన రచ్చబండ దగ్గర అన్న మాట ఊరంతా తిరిగింది. అది అక్కడితో ఆగినా బాగుండేది. అక్క శెనక్కాయల దిగుబడి గురించి చెప్పినా, ఎవరి ఇంటికి ఎవరొచ్చారో చెప్పినా, ఇదీ నీ హెలికాప్టర్ల లెక్కేనా అనడం మొదలుపెట్టారు. మొదట్లో అక్క కూడా నవ్వేది. తర్వాత నవ్వడం తగ్గింది. ఒక సంగతిని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి మళ్లీ చెప్పే మనిషి, ఆ రోజు గురించి ఎవరడిగినా, వరదొచ్చింది, పోయింది అని ఊరుకునేది. ఊళ్లో నలుగురు కూర్చున్న చోట తన మాటకు విలువ పోయిందని ఆమెకు తెలిసిపోయింది.

ఆ మూడింటి సంగతి నేనూ నమ్మలేదు.

నేను రోడ్ల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైనాను. వంతెన అయినా కల్వర్టు అయినా కొలిచింది మాత్రమే గీయడం నాకు ఉద్యోగంలో వచ్చిన అలవాటు. కుర్రతనం నుంచి రాస్తున్న డైరీకి కూడా అదే పద్ధతి. నేను కళ్లతో చూసింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇతరులు చెప్పిందైతే, ఫలానావారు అంటున్నారు అని చేర్చి రాస్తాను. అక్క హెలికాప్టర్లు నా డైరీలో "మూడని అక్క అంటోంది" అనే వాక్యంగానే ఉన్నాయి.

రిటైరైన తర్వాత చేతులు ఊరుకోలేదు. మొదట అట్టముక్కలతో నేను గీసిన వంతెనలకే నమూనాలు చేశాను. తర్వాత ప్లాస్టిక్ నమూనాల మీదికి మనసు పోయింది. విడిభాగాలన్నీ ఒక చట్రానికి కాయల్లాగా అతుక్కుని పెట్టెలో వస్తాయి. వాటిని కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, గమ్ముతో అతికించి, రంగు వేసుకోవాలి. మావాళ్లు దాన్ని చిన్నపిల్లల ఆట అంటారు. పెట్టె మీద మాత్రం చిన్నపిల్లలకు ఇవ్వరాదని రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని నా భార్యకు చదివి వినిపిస్తే, పిల్లలకు పనికిరానిది ముసలోళ్లకు పనికొస్తుందా అంది.

పోయిన ఏడు మద్రాసు పోయినప్పుడు ఒక దుకాణంలో ఆ పెట్టె కనిపించింది. మిలిటరీవాళ్లు ఆపదలో ఉన్నవాళ్లను రక్షించడానికి వాడే పెద్ద హెలికాప్టర్ ఒకటి, దానికి తోడుగా ఎగిరే చిన్నవి రెండు. ఆ చిన్నవాటిని ఎస్కార్టులు అంటారు. శత్రువులు ఉన్న చోట పెద్దది కిందికి దిగి మనుషుల్ని ఎక్కించుకుంటూ ఉంటే, ఇవి తుపాకులతో చుట్టూ కాపలా తిరుగుతాయి. పెట్టె మీది బొమ్మలో పెద్దదాని తలుపు దగ్గర ఒక సైనికుడు వంగి తాడు వదులుతున్నాడు. నాకు వెంటనే అక్క గుర్తొచ్చింది. తను ఎక్కినదాన్ని ఒకసారి కళ్లారా చూస్తుంది కదా అని కొన్నాను.

ఇంటికొచ్చి చెప్పగానే నా భార్య దసరాకి పూర్తి చెయ్యమంది. మా ఇంట్లో ప్రతి ఏడూ బొమ్మల కొలువు పెడుతుంది. మెట్ల మీద బొమ్మలు ఆమె తరతరాల ఆస్తి. మెట్ల కింద నేల మీద ఏటా మట్టితో అలిపిరి నుంచి కొండకు పోయే దారి కడుతుంది, ఆవాలు చల్లి మొలకలతో పచ్చగా అడవి పెంచుతుంది. ఏడాదికొక కొత్త బొమ్మ చేరాలనేది ఆనవాయితీ. ఈ ఏడు కొత్త బొమ్మ మీదే, అయితే నా కొండకు ఆ పక్కన మూల మాత్రమే ఇస్తాను అంది. కొండదారిలో నడిచే భక్తుల మీద నీళ్లు పారించవద్దని కూడా గట్టిగా చెప్పింది.

నేను పెద్దదాన్ని మొదలుపెట్టాను. ఎస్కార్టుల చట్రాలు రెండింటినీ వార్తాపత్రికలో చుట్టి అల్మారా పైన పెట్టేశాను. వరదలో శత్రువులెవరు, కాపలా ఎందుకు? ఉన్నది ఉన్నట్టు చెయ్యాలంటే ఒకటే చెయ్యాలి.

ఈ పనిలో నాకు తోడు పాకాల నుంచి రైల్లో వచ్చే ఒక మిత్రుడు. వాయుసేన వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి వచ్చినవాడు. నాతో స్నేహం నమూనాల వల్లనే, మా ఇద్దరి దగ్గరా ఒకే రకం గమ్ము సీసాలు కనబడి. అతను వచ్చి పెద్దదాన్ని చేతిలో తిప్పి చూసి, నేను అతికించిన రెక్కల దగ్గర ఆగాడు. పెట్టెలోని కాగితంలో చూపినట్టు నాలుగు రెక్కల కొసలూ కిందికి వాలి ఉన్నాయి.

"ఏమప్పా, దీన్ని నేల మీద నిలబెడతావా, ఆకాశంలోనా?" అని అడిగాడు.

తాడు కట్టి పైన వేలాడదీస్తాను అన్నాను.

"అయితే ఇది పడుకున్న హెలికాప్టర్. ఎగిరేటప్పుడు బరువంతా రెక్కలే మోస్తాయి గదా, కొసలు పైకి లేస్తాయి. నువ్వు నిద్రపోయే గద్దను ఎగరేస్తా ఉండావు."

వేడినీళ్లలో ముంచి ఒక్కొక్క రెక్కనూ వేళ్లతో పైకి వంచాం. రెండు గంటలు పట్టింది, ఇద్దరి వేళ్లూ ఎర్రబడ్డాయి, అంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నం ఈమధ్య లేదు. కాఫీ తాగుతూ అల్మారా మీది ఎస్కార్టుల సంగతి, అక్క చెప్పే మూడింటి సంగతి చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "వరదలో ఎస్కార్టులెందుకప్పా? చేపలేమన్నా కాలుస్తాయా?" అన్నాడు. ఇద్దరమూ నవ్వుకున్నాం. ఒక డ్రాఫ్ట్స్‌మనూ ఒక మెకానికూ ఒకే మాట మీద నిలబడితే ఇంక దానికి తిరుగులేదని నాకనిపించింది.

ఈ నమూనా నలభై ఎనిమిదిలో ఒక వంతు. ఆ కొలతకు అయిదడుగుల మా అక్క అంగుళంపావు అవుతుంది. పెట్టెలో వచ్చిన సైనికుల బొమ్మల్లో ఒకదాన్ని తీసుకుని, టోపీ చెక్కేసి, పలచటి కాగితాన్ని గమ్ములో తడిపి చీర కట్టాను. అక్కకు ఇష్టమైన వక్కపొడి రంగు వేశాను. తాడుకు కుట్టుదారం వాడి, చంకల కింద పట్టీ కట్టాను. కళ్లు ఆమె మూసుకుంది కాబట్టి, కళ్ల చోట రెండు సన్నటి గీతలు పెట్టాను. కింద అట్టతో మిద్దె కట్టి, పిట్టగోడ మీద ఆవగింజంత పాలగిన్నె పెట్టాను. ఇంత సరిగ్గా ఉన్న పని నేను ఉద్యోగంలో కూడా చెయ్యలేదు.

కొలువు మొదటి రోజు పొద్దున నా భార్య కలశం పెట్టింది. కలశం పెట్టాక విజయదశమి హారతి అయ్యేదాకా కొలువులో ఏ బొమ్మనూ కదపకూడదు. మెట్ల పక్కన గోడకు ఒక వెదురుబద్ద బిగించి, దాని నుంచి హెలికాప్టర్‌ను వేలాడదీశాను. మధ్యాహ్నం బస్సుకు అక్క వచ్చింది. సంచీ కింద పెట్టకుండానే నేరుగా కొలువు ముందుకు పోయి నిలబడింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మ్యూజియంలో చూసినట్టు, అటు నుంచి ఇటు నుంచి వంగి చూసింది.

"ఇంత పెద్ద తలుపా," అంది. "నేను ఇరుక్కుపోతానేమో అని భయపడినా ఆ పొద్దు."

తాడు కొసన తనను చూసుకుని పడీపడీ నవ్వింది. పాలగిన్నెను చూసి నా భార్యను పిలిచి చూపించింది. ఆ పాలు తర్వాత మిద్దె మీద ఉన్నవాళ్లు తాగారని, గిన్నె ఇంకా వెనక్కి ఇవ్వలేదని చెప్పింది. నేను గోడకు ఆనుకుని ఇదంతా చూస్తున్నాను. ఇంత బాగా జరుగుతుందని అనుకోలేదు.

అప్పుడు అక్క తలెత్తి పైన వెతికింది. వెదురుబద్ద ఆ కొస నుంచి ఈ కొసకు చూసింది.

"తక్కిన రెండూ యాడరా చిన్నోడా?"

నేను వివరించాను. ఎస్కార్టులు అనేవి యుద్ధంలో ఉంటాయి. వరదలో వాటితో పని లేదు. గాలికి, కొండలకు తగిలి ఒకే శబ్దం మూడుగా వినిపించి ఉంటుంది. పాకాల మిత్రుడు కూడా అదే అన్నాడు. చేపల మాట చెప్పలేదు కానీ తక్కినదంతా చెప్పాను. అక్క మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక, సరేలే అంది. సంచీ తీసుకుని వంటింట్లోకి పోయి, నానబెట్టిన శెనగల్లో పుచ్చులు ఏరడానికి కూర్చుంది.

మా ఇంట్లో సరేలే అనే మాటకు అర్థం నా భార్యకు నాకంటే బాగా తెలుసు. నా పక్కకొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "పెట్టెలో ఉండేవే గదా ఆ రెండూ? చేసి తగిలిస్తే మీదేం పోతాది?"

లేనిదాన్ని ఎట్లా చేస్తాను అన్నాను. ఉందో లేదో మీరు సూసినారా అంది. లేదు అన్నాను. అయితే వదిన కండ్లు మూసుకునింది, మీరు ఆడ లేనేలేరు, ఇద్దరిలో ఎవరి మాట గట్టిది అని అడిగి, జవాబు కోసం నిలబడకుండా తాంబూలాలు సర్దడానికి పోయింది. నేను ఒప్పుకోలేదు. ఆ రోజూ ఒప్పుకోలేదు, మర్నాడూ ఒప్పుకోలేదు. అక్క మామూలుగానే మాట్లాడుతోంది, అందరికీ గుగ్గిళ్లు వడ్డిస్తోంది. కొలువు ముందుకు మాత్రం రావడం లేదు. పేరంటానికి వచ్చినవాళ్లు హెలికాప్టర్ ఏమిటని అడిగితే నా భార్యే చెబుతోంది.

మూడో రోజు సాయంత్రం వెనక వీధిలో కొత్తగా అద్దెకు దిగిన టైలరమ్మ పేరంటానికి వచ్చింది. ఆడవాళ్లు వచ్చే వేళకు నేను వసారాలోకి పోతాను. కిటికీ తెరిచే ఉంటుంది కాబట్టి మాటలు వినబడతాయి. ఆమె మెట్ల మీది బొమ్మలన్నీ చూసి, కొండదారి చూసి, ఆ మూలకు వచ్చి ఆగింది. నా భార్య అక్కావాళ్ల ఊరి వరద సంగతి చెప్పింది.

"ఇది ఒకటే పెట్టినారేం అక్కా? తక్కిన రెండూ చేసేదానికి కుదర్లేదా?"

ఏ రెండమ్మా అని నా భార్య అడిగింది.

"ఆ వరదలో వచ్చినవే గదా ఇవి? మాది ఏటికి అవతలి గట్టున ఊరు. మేమంతా రైసుమిల్లు మిద్దె మీద ఉండినాం. ఒకటి ఇవతలి ఊరి మీద కిందికి దిగి నిలబడింది. రెండు మా మిల్లు మీదుగా ఒకటే తిరగడం. మా పాప చెయ్యి ఊపి ఊపి అలిసిపోయింది."

వంటింట్లో గరిటె శబ్దం ఆగిపోయింది. అక్క గరిటె చేత్తోనే బయటికి వచ్చింది.

"యా పక్క నుంచి తిరిగినాయి పాపా?"

"మాకు ఎడమ పక్క నుంచి వచ్చి, తాడితోపు చుట్టుకుని మళ్లా వచ్చేవి."

"మీరు నాకు ఎదురుగట్టున ఉండారు. మీకు ఎడమంటే నాకు కుడి," అంది అక్క. "నా కుడి చెవికే ముందు ఇనపడినాయి. కొంచెం సేపు శబ్దం సన్నగా అయిపోయి మళ్లా వచ్చేది."

"తోపు ఎనక్కి పోయినప్పుడు అట్లే తగ్గేది."

"అదే," అంది అక్క. "అదే నేను చెప్పేది."

ఆ తర్వాత ఇద్దరూ కొలువు ముందే చాప మీద కూర్చుని ఆ రోజంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నారు. చాలాకాలం తర్వాత అక్క నోట ఆ కథ పూర్తిగా విన్నాను. పాలగిన్నె దగ్గర మొదలై, బడి గోడ మీది గుణింతాల దగ్గర ఆగింది. తక్కిన ఆడవాళ్లు పోయే వేళ అయినా పోలేదు. ఆ రెండింటిలో ఒకటి మధ్యాహ్నం మిల్లు మీదికి వచ్చి అన్నం పొట్లాలు వదిలిందని టైలరమ్మ చెప్పింది. పోతూ ఉంటే అక్క ఆమెకు కట్టిచ్చిన గుగ్గిళ్లు ఆ ఇంటికి రెండు పూటలకు సరిపోతాయి.

అందరూ పోయాక అక్క వసారాలోకి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"ఇన్నావా?"

"ఇన్నానక్కా."

"అయితే డైరీలో రాసుకో," అని లోపలికి పోయింది.

రాసుకున్నాను. తర్వాత కుర్చీ ఎక్కి అల్మారా మీది వార్తాపత్రికను దించాను. పాకాల మిత్రుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఒకటి కిందికి దిగినప్పుడు దానికేమన్నా అయితే చూసుకునేదానికి పైన తోడు ఉంటాయేమో, నేను షెడ్డులో ఇంజన్లు విప్పినోణ్ణి, ఆకాశంలో ఎట్ల పోతాయో ఎప్పుడు సూసినా అన్నాడు. పొద్దున రైలుకే వస్తానన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, ఆ చేపల మాట మీ అక్కకు చెప్పలేదు గదా అని అడిగాడు.

మిగిలిన రోజులు మా ఇల్లు కార్ఖానా అయింది. కిటికీ పక్క బల్ల మీద నేను కోస్తుంటే, మిత్రుడు గరుకు కాగితంతో రుద్దేవాడు. అతికించిన భాగాలు ఆరేదాకా విడిపోకుండా బట్టల క్లిప్పులు పెట్టేవాళ్లం, దండెం మీద బట్టలు గాలికి ఎగిరిపోతున్నాయని నా భార్య మొత్తుకునేది. అక్క మాకు ఎదురుగా కూర్చుని దారానికి మైనం పట్టించేది. మైనం పట్టిస్తే దారం నూగు లేకుండా నిటారుగా వేలాడుతుంది. పూలు కట్టే వేళ్లు కాబట్టి ఆమె వేసిన ముళ్లు నాకంటే సన్నగా, గట్టిగా వచ్చాయి.

ఎస్కార్టులకు పక్కల తుపాకులు తగిలించే చోటుకు వచ్చినప్పుడు అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"తుపాకులు వద్దు. టైలరమ్మ చెప్పింది గదా, అన్నం పొట్లాలు పెట్టు."

మిత్రుడు నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. పాత కాగితాన్ని చిన్నచిన్న ముక్కలుగా మడిచి, దారంతో కట్టి, తుపాకుల చోట పొట్లాలు అతికించాం. ఆ మడతలు కూడా అక్కే వేసింది. మిలిటరీ పద్ధతి ప్రకారం ఇది తప్పు అని మిత్రుడు అన్నాడు గానీ, నవ్వుతూ అన్నాడు.

తగిలించే రోజు ఒక చిక్కు వచ్చింది. రెండింటినీ ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టాలి? కలశం ఉంది కాబట్టి పెద్దదాన్ని కదపడానికి లేదు. టైలరమ్మ తన ఊరి వైపు నుంచి చూసింది, వాటి ఎత్తు ఆమెకు గుర్తులేదు. అక్క ఒక పీట తెచ్చుకుని, కొలువుకు వీపు పెట్టి, అట్టమిద్దె పక్కనే కూర్చుంది. కళ్లు మూసుకుంది.

"నువ్వు పట్టుకుని శబ్దం చెయ్యిరా. నేను చెప్తా."

ఈ వయసులో నేను స్టూలు మీద నిలబడి, చేతిలో హెలికాప్టర్ పట్టుకుని, నోటితో డుగడుగమని శబ్దం చేశాను. మిత్రుడు రెండోదాన్ని పట్టుకుని నాకంటే గట్టిగా చేశాడు. వర్క్‌షాపులో ఏళ్ల తరబడి విన్న ఇంజన్ కాబట్టి అతని శబ్దంలో పనితనం ఉంది. నా భార్య గుమ్మంలో నిలబడి, పక్కింటివాళ్లు వస్తే నేనేం చెప్పాల అని అడుగుతోంది. అక్క మాత్రం నవ్వలేదు. కళ్లు మూసుకుని, తల కొంచెం వాల్చి వింటోంది.

"ఇంకా పైన. అంత దగ్గర కాదు. కుడికి. ఆఁ, అది ఇంకొంచెం ఎనక్కి పోనీ. ఆడ. ఆడ నిలుపు."

నిలిపిన చోట పెన్సిలుతో గోడ మీద గుర్తు పెట్టాను. ఉద్యోగంలో ఎన్నో హద్దులు గుర్తుపెట్టాను, ఇట్లా చెవి చెప్పినట్టు పెట్టింది ఇదొక్కటే. ఆ గుర్తుల దగ్గర మేకులు కొట్టి, అక్క మైనం పట్టించిన దారాలతో రెండింటినీ కట్టాను. అక్క కళ్లు తెరిచి, మెడ తిప్పి పైకి చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, ఇద్దరికీ కాఫీ పెట్టమ్మా, గొంతులు ఎండిపోయి ఉంటాయి అంది నా భార్యతో.

ఆ సాయంత్రమే అక్క తన ఊరికి ఫోన్ చేసింది. రచ్చబండ దగ్గర ఆ మాట అన్న అల్లుడికే చేసింది. తను ఎక్కువ మాట్లాడకుండా ఫోన్ మళ్లీ పేరంటానికి వచ్చిన టైలరమ్మకు ఇచ్చింది. టైలరమ్మ మిల్లు మిద్దె నుంచి చూసిందంతా చెబుతుంటే, అక్క పక్కన కూర్చుని తమలపాకులకు ఈనెలు తీస్తోంది. చివరికి ఫోన్‌లో ఆయన గొంతు నాకు కూడా వినబడింది. "అట్లయితే మూడే అత్తా, మూడే. మేమే ముసుగేసుకుని సూడలేదు. ఊళ్లో చెప్తాలే." అక్క ఫోన్ తీసుకుని, చెప్పేటప్పుడు నా పాలగిన్నె గూడా అడుగు అంది.

విజయదశమి సాయంత్రం హారతి అయింది. ఇంక కొలువులో ఒక బొమ్మను పడుకోబెట్టాలి, దాంతో కొలువు ముగిసినట్టు. ఏటా నా భార్య కొయ్య రాజునో రాణినో పడుకోబెడుతుంది. ఈసారి ఏ బొమ్మ అనేది వదిన ఇష్టం అంది. అక్క ఆలోచించకుండా పెద్ద హెలికాప్టర్ దగ్గరకు పోయి, తాడు కొసన ఉన్న తనను పట్టీతో సహా విప్పి అరచేతిలో పెట్టుకుంది. కళ్లద్దాలు పెట్టుకుని దీపం దగ్గరగా చూసింది.

"దీనికి కండ్లు యాడరా?"

"మూసుకున్నావు గదక్కా. అందుకే గీతలు పెట్టినా."

"అప్పుడు మూసుకున్నా," అంది. "ఇప్పుడు సూస్తా ఉండా గదా."

నేను నా పద్ధతుల గురించి కాసేపు ఆలోచించిన మాట నిజమే. తర్వాత పోయి, అన్నిటికంటే సన్నటి కుంచె తెచ్చి, ఒక వెంట్రుకంత కొసను నల్లరంగులో తాకించి, ఊపిరి బిగబట్టి రెండు చుక్కలు పెట్టాను. మిత్రుడు దీపం పట్టుకున్నాడు. ఒక చుక్క కొంచెం పెద్దదైంది. అక్క ముఖానికి ఆశ్చర్యంగా చూస్తున్న వాలకం వచ్చింది. తుడవబోతే వద్దంది.

నా భార్య ఒక అగ్గిపెట్టెలో దూది పరిచి తెచ్చింది. "కండ్లు తెరుచుకున్న బొమ్మకు నిద్రెట్ల పడ్తాది వదినా?" అని అడిగింది.

అక్క బొమ్మను దూది మీద వెల్లకిలా పెట్టి, పైనున్న రెండూ కనబడేటట్టు అగ్గిపెట్టెను కొంచెం కుడికి జరిపింది.

"పట్టకపోతే పట్టకపోయె. పండుకోని అయి రెండూ తిరిగేది సూస్తా ఉంటాది."